ఉద్దానంలో ఉన్న మా అమ్మడికి

అమ్మడూ,

ఎట్టుండావు? ఇక్కడ అందరం బాగుండాం. జేజికి మోకాళ్ళ నొప్పులు ఈ ఎండాకాలం కొంచెం తగ్గినాయి, పొద్దున్నే లేచి తులసికోట దాకా తనే నడుస్తా ఉంది. ఆవకాయ పెట్టేశా, కాయ మంచి పులుపు దొరికింది ఈసారి, మీ నాన్న మూడోరోజు దాకా ఆగకుండా అప్పుడే జాడీ మూత తీసేశాడు. చిన్నోడికి సెలవులు ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ క్లాసులు మొదలుపెట్టారు, పొద్దున ఆరుకి పోతే సాయంత్రం ఆరుకి వస్తా ఉండాడు, వాడికి బాక్సు కట్టడంతోనే నాకు సగం రోజు అయిపోతా ఉంది.

నీ ఫోన్ ఎందుకు కలవట్లేదు అని అడగడానికి రాయట్లేదులే ఇది. కొబ్బరి తోటల్లో సిగ్నల్ అందదని నువ్వు పోయినరోజే చెప్పావు, అర్థమయింది. కానీ మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడతానే ఉండాయి కదా, "బాగున్నా మా, తర్వాత చేస్తా" అని ఒక్క ముక్క తప్ప వారం నుంచి నీ గొంతు వినలా. అందుకే ఫోన్ వద్దని కూర్చుని రాస్తా ఉండా, తీరిగ్గా చదువుకో.

నిన్న సుజాతత్త ఫోన్ చేసింది. పెళ్ళి చీరల గురించి మాట్లాడి మాట్లాడి చివర్లో మెల్లిగా అడిగింది, "అమ్మాయికి ఒంట్లో ఎట్టుంది వదినా" అని. ఏమైందమ్మా అంటే, వాళ్ళ హారిక చూసిందంట, మీ బ్యాచ్‌లో ఎవరో ఇన్‌స్టాలో పెట్టిన ఫొటోలో నువ్వు నులక మంచం మీద పడుకోనుండావంట, చేతికి సెలైన్ సూది ఉందంట. నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. మీ నాన్నకి చెప్పలేదు ఇంకా, చెప్తే రాత్రికి రాత్రి రైలెక్కేస్తాడు నీకు తెలుసు కదా ఆయన సంగతి. అది నువ్వు కాకపోవచ్చు, హారిక సరిగ్గా చూసుండదు, ఆ పిల్ల కళ్ళజోడు పెట్టుకోదు. కాదనే అనుకుంటా ఉండా. కాకపోతే కాదని ఒక్క మాట చెప్పు చాలు.

సరే అది పక్కన పెట్టు. నువ్వు చేసే పని గురించి నాకు సంతోషమే, ఆ మాట ఇంతకుముందు నోటితో చెప్పానో లేదో. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అనంగానే చాలామంది పిల్లలు ఇంట్లో కూర్చుని పక్కింటాయన చేత నాలుగు సంతకాలు పెట్టించుకుని లాగ్‌బుక్ నింపేస్తా ఉండారని ఇక్కడ అందరూ అంటా ఉండారు. 180 గంటలు, 4 క్రెడిట్లు, ఒక రిపోర్టు, అయిపోయె. నువ్వు అట్టా చెయ్యకుండా నీ రూమ్మేట్ వాళ్ళ ఊరికి, అదీ శ్రీకాకుళం జిల్లా కవిటి పక్కకి పోతానన్నప్పుడు మీ నాన్న వద్దంటే, పోనియ్యండి అని చెప్పింది నేనే కదా. ఆ ఉద్దానం గురించి పేపర్లో ఎన్నేళ్ళ నుంచో చదువుతా ఉండా. షుగరు లేదు, బీపీ లేదు, పొద్దున లేస్తే తోటలో పనిచేసుకునే మనుషులు, వాళ్ళకి కిడ్నీలు పోవడమేంది. ఎంతమంది డాక్టర్లు, ఎన్ని దేశాల వాళ్ళు వచ్చి నీళ్ళు తీసుకునిపోయారు, మట్టి తీసుకునిపోయారు, రక్తం తీసుకునిపోయారు, ఇదీ కారణం అని తేల్చి చెప్పలా. 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళ పథకమూ ప్రారంభించినప్పుడు టీవీలో చూసి నేనెంత సంబరపడ్డానో. నువ్వు ఆ నీళ్ళు ఇంటింటికీ వస్తా ఉండాయా, వస్తే తాగుతా ఉండారా, లేకపోతే అలవాటు కొద్దీ బోరునీళ్ళే తాగుతా ఉండారా అని అడిగి రాసుకుంటా ఉండావని మీ తమ్ముడు చెప్పాడు. మంచి ప్రశ్న. అట్టాంటివి ఇంట్లో కూర్చుంటే తెలవ్వు.

ఊళ్ళో వాళ్ళని రోజుకి ఎన్ని లీటర్లు నీళ్ళు తాగుతారు అని అడుగుతా ఉండావంట కదా, మరి నువ్వెన్ని తాగుతా ఉండావు? ఆ ఫారంలో ముందు నీ పేరు రాసి నింపు. సముద్రం పక్క ఊరు అది, ఎండ మన కావలి లాగానే ఉన్నట్టుంటుంది గానీ గాల్లో తేమకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, నీరసం తెలీకుండా వచ్చేస్తది. పదకొండు నుంచి నాలుగు దాకా ఇల్లు కదలబాక. సర్వే పొద్దున ఏడుకే మొదలుపెట్టండి, ఆ టైముకి మగవాళ్ళు తోటలకి పోకముందు దొరుకుతారు కూడా. నెత్తిన చున్నీ కాదు, తడిపిన కాటన్ టవలు వేసుకో. తలనొప్పి వచ్చిందని పరగడుపున ఆ నొప్పి బిళ్ళలు మింగబాక, హాస్టల్లో నీకా అలవాటుందని నాకు తెలుసు. ఒంట్లో నీళ్ళు తక్కువున్నప్పుడు అవి నేరుగా కిడ్నీ మీదికే పోతాయి. కిడ్నీల గురించి ఊరికి చెప్పడానికి పోయిన పిల్ల తన కిడ్నీలు చూసుకోకపోతే ఎట్టా?

ఇంకోటి. రఘుమావ డయాలసిస్‌లో ఉన్నప్పుడు దగ్గరుండి చూసిన దాన్ని కాబట్టి చెప్తా ఉండా. అందరినీ కూర్చోబెట్టి "నీళ్ళు బాగా తాగండి" అని ఒకటే పాట పాడబాకండి. జబ్బు లేనివాళ్ళకి అది మంచి మాటే. డయాలసిస్ చేయించుకునే వాళ్ళకి చాలామందికి డాక్టర్లు నీళ్ళు కొలిచి తాగమంటారు, ఎక్కువ తాగితే కాళ్ళు వాచి ఆయాసం వస్తది. వాళ్ళ దొడ్లో వంద కొబ్బరి చెట్లుంటాయి, ఒక్క బొండాం తాగడానికి లేదు, అందులో పొటాషియం ఎక్కువ. రఘుమావ సగం గ్లాసు నీళ్ళతో సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా నోరు తడుపుకునేవాడు. అట్టాంటి మనిషి ముందర నువ్వు బాటిల్ ఎత్తి గటగటా తాగబాక, బయటికొచ్చి తాగు. ఇవి ఏ మెంటరూ చెప్పడు. మీరు తయారుచేసిన పోస్టర్లు ఉంటే అక్కడి ఏఎన్ఎమ్‌కో ఆశా కార్యకర్తకో చూపించి, తప్పుల్లేవంటే అప్పుడు అతికించండి.

మేము మాత్రం సెలవుల్లో ఏమీ చెయ్యలేదనుకుంటా ఉండావేమో. 91లో నెల్లూరు జిల్లా అంతా అక్షరదీపం అని పెద్దోళ్ళకి చదువు నేర్పే ఉద్యమం జరిగింది, నేను డిగ్రీలో ఉండా. పాటలు పాడతా, నాటకాలేస్తా కళాజాతా వాళ్ళు ఊరూరా తిరిగారు, అది చూసి నేనూ, మీ రమాపిన్నీ పేర్లు ఇచ్చేశాం. నన్ను కలిగిరి పక్కన మా అమ్మమ్మ ఊరికే వేశారు, ఎస్సీ కాలనీలో రాత్రి బడి. మా నాయన ఆడపిల్లవి రాత్రిళ్ళు ఏంది అని ఒకటే గొడవ. పదిమంది ఆడోళ్ళు పలకలు పట్టుకుని కూర్చునే వాళ్ళు, పొద్దంతా కూలికి పోయొచ్చి, పొయ్యి మీద అన్నం దించి, పిల్లోళ్ళకి పెట్టి అప్పుడొచ్చే వాళ్ళు. కళ్ళు మూతలు పడతా ఉండేవి. మొదట్లో ఒకామె ముఖం మీదే అడిగింది, అక్షరాలొస్తే మాకు కూలి పెరుగుద్దా పాపా అని. నాకేం చెప్పాలో తెలీలేదు, పెరుగుద్దని చెప్తే అబద్ధం. సంతకం పెట్టొచ్చు కదా పెద్దమ్మా అన్నా. ఎవరి కాగితం మీద అంది. ఆమె పేరు పోలమ్మ. నల్లగా పొడుగ్గా ఉండేది, గొంతు పెద్దది.

ఆ పోలమ్మే రోజూ నాకోసం ఇంటి నుంచి సత్తు గిన్నెలో మజ్జిగ తెచ్చేది, ఉప్పేసి, ఉల్లిపాయ నలిపేసి. నేను వద్దంటే ఊరుకునేది కాదు, "ముందు నువ్వు తాగు, తర్వాత బలపం పడతాం" అని మొత్తం అందర్నీ ఆపేసి కూర్చునేది. వాళ్ళ ఇంట్లో గేదె లేదు. ఆ మజ్జిగ యాడ్నుంచి తెస్తా ఉందో నాకు చాలా రోజులకి తెలిసింది, రెడ్డి గారింట్లో కళ్ళం ఊడ్చి తెస్తా ఉందంట. వాచకంలో ఒక పాఠం ఉండేది, తాగుబోతు మొగుడి వల్ల చితికిపోయిన ఒక ఆడమనిషి కథ. ఆ పాఠం చెప్పిన రాత్రి పోలమ్మ ఏడవలా, నవ్వలా, ఇది మన ఊరి కథేనే అంది. ఆ మాట మీద మొదలైన మాటలు రాత్రి ఒంటిగంట దాకా ఆగలా, ఒక్కొక్కళ్ళు మొగుడు రోజుకి ఎంత తాగుతాడో, ఎన్ని సారా పాకెట్లో లెక్కలు చెప్తా ఉంటే నేను పలక మీద కూడికలు వేసి చూపించా, నెలకింత, సంవత్సరానికింత అని. ఆ అంకె చూసి అందరూ నోరు తెరిచారు. అప్పటికే దూబగుంటలో రోశమ్మ వాళ్ళు సారాయి కొట్టు మూయించారన్న కబురు మాకు వచ్చింది. ఇంకేముంది, మా వాళ్ళు కూడా చీపుర్లు, చాటలు పట్టుకుని పోయి సారాయి బండికి అడ్డంగా కూర్చున్నారు. 92 అంతా జిల్లాలో ఏ ఊరు చూసినా అదే. 93 అక్టోబర్ ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఆ తర్వాత ఏమైందో, మళ్ళీ ఎట్టా తిరగబడిందో నీకు తెలుసు, ఇప్పుడా సంగతి వద్దు. మేము నేర్పింది అ ఆలూ, కూడికలే. మిగతాదంతా వాళ్ళదే. పోలమ్మ ఆ తర్వాత పోస్టాఫీసులో పుస్తకం తెరిచి, వేలిముద్ర డబ్బా దూరంగా నెట్టి, సంతకం పెట్టింది, అది రాయడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో, క్యూలో వాళ్ళు గొణుగుతా ఉంటే వెనక్కి తిరిగి ఒక్క అరుపు అరిచింది.

ఇదంతా ఎందుకు చెప్తా ఉండానంటే, పోయిన ఊళ్ళో పిల్లల్ని చూసుకోవడానికి ఎవరో ఒక పెద్దమ్మ ఉంటాది. నీ ఫ్రెండ్ వాళ్ళమ్మ ఉంది కదా, ఒంట్లో బాగాలేకపోతే ఆమెకి చెప్పు. వాళ్ళకి ఇబ్బంది అని మూల కూర్చుని ఓర్చుకోబాక. ఆమె ఇచ్చే చోడి అంబలి, అదే మన రాగి అంబలి, పొద్దున్నే ఒక గ్లాసు తాగు, వాళ్ళు పనస కూర చేస్తే వద్దనబాక. సూది నిజంగానే గుచ్చారా? గుచ్చితే ఎవరు గుచ్చారు, పీహెచ్‌సీలోనా, ఊళ్ళో ఆర్‌ఎంపీనా? చెయ్యి వాచిందా?

మీ క్లాస్ పిల్లలు ఆ జీడి పరిశ్రమ దగ్గరికి కూడా పోతారంట కదా పలాసలో. అక్కడ జీడి పిక్కలు పట్టుకోబాక, ఆ రసం తగిలితే బొబ్బలెక్కి చర్మం ఊడొస్తది, ఆ పని చేసే ఆడోళ్ళ వేళ్ళు చూడు, నల్లబడి ఉంటాయి. వాళ్ళని కూడా ఒకసారి అడుగు రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారో, మధ్యలో నీళ్ళకి లేస్తారో లేదో. ఫారంలో లేదని వదిలేయబాక.

2018లో తిత్లీ తుఫాను వచ్చింది వాళ్ళకి, అక్టోబర్లో, వజ్రపుకొత్తూరు పక్కన తీరం దాటి, ఒక్క తెల్లవారుజామున కొబ్బరి, జీడి తోటలు పడిపోయినాయి. చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు. ఒక పక్క ఆ అప్పులు, ఇంకో పక్క పలాసకో శ్రీకాకుళానికో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. నువ్వు ఎవరింటికైనా పోయి ఆదాయం ఎంత అని అడిగినప్పుడు గొంతు తగ్గించి అడుగు. వాళ్ళు ఏడిస్తే పెన్ను పక్కన పెట్టు. ఫొటోలు తీయబాక, తీసినా ఎక్కడా పెట్టబాక. వచ్చేముందు ప్రతి ఇంటికీ ఇంకోసారి పో, మీరు చెప్పినవి రాసుకున్నాం, ఇవి ఫలానా చోట ఇచ్చాం అని చెప్పిరా. ఊరి పేరు మీద రిపోర్టు రాసి వాళ్ళకి చూపించకుండా వచ్చేస్తే అది నాకు నచ్చదు. పింఛను రాని వాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికితే సచివాలయం దాకా తోడు పో, ఆ గంటలు నీ 180లో కలవకపోయినా పరవాలా. చూశావా, నేను మళ్ళీ క్లాసు మొదలుపెట్టేశా, నువ్వు ఈపాటికి విసుక్కుంటా ఉంటావు.

నీకు పార్సిల్ వేశా ఆర్టీసీ కార్గోలో, పలాస కాంప్లెక్స్‌కి. ఓఆర్ఎస్ పాకెట్లు, సబ్జా గింజలు, రెండు కాటన్ చుడీదార్లు, ఆ నైలాన్‌వి వేసుకోబాక ఎండలో. మాగాయ చిన్న డబ్బాలో ఉంది, మొత్తం నువ్వే తినేయకుండా పిల్లలందరికీ పెట్టు. నీలం కవర్లో డబ్బులుండాయి, అవి ఖర్చు పెట్టడానికి కాదు, సోంపేటకో పలాసకో పోయి రక్త పరీక్ష చేయించుకోవడానికి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ రెండూ చేయించుకుని రిపోర్టు ఫొటో నాకు పంపు, మీ నాన్నకి పంపబాక. బాగానే ఉంటే నేనే ఆయనకి నవ్వుతా చెప్తా.

పాపం ఆ అమ్మ నలుగురు ఆడపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని వండి పెడతా ఉంది, ఉత్త చేతుల్తో ఉండటం నాకు బాగాలేదు. ఆమెకి ఏ రంగు చీర ఇష్టమో, నేతచీర కడతాదో లేదో మెల్లిగా కనుక్కో. వెంకటగిరి చీర ఒకటి తీసుకుందామని ఆదివారం పోతా ఉండా, శనివారం రాత్రి లోపల చెప్పు.

అమ్మ