స్టాంపు కోసం కవరు కొయ్యకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లల పేజీలో స్టాంపుల సేకరణ గురించి వేశారు, సంతోషం, ఈ సెల్‌ఫోన్ రోజుల్లో ఆ మాత్రం వెయ్యడమే గొప్ప. కానీ అందులో ‘ఇంట్లో పాత ఉత్తరాలుంటే స్టాంపులు కత్తిరించి నీళ్లలో నానబెట్టండి’ అని చెప్పి ఊరుకున్నారు. అది చదివి మా వీధిలో ఒక కుర్రాడు కత్తెర పట్టుకుని వాళ్ల తాతగారి ట్రంకుపెట్టె మీద పడ్డాడు. నాయనమ్మ కేకలేసింది కాబట్టి సరిపోయింది.

నిన్నమొన్నటి ఉత్తరాలైతే నానబెట్టుకోండి, ఎవరూ కాదనరు. మన గోదావరి డెల్టాలో పాతిళ్ల అటకల మీద ఉన్నవాటి సంగతి వేరు. కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో లేరు? వాళ్లు రాసిన ఉత్తరాలు ఇంకా కొన్ని ఇళ్లలో కట్టలు కట్టి ఉన్నాయి. 1937 మార్చి ఆఖరు దాకా బర్మా ఇండియాలో భాగమే కాబట్టి అక్కడా ఇక్కడా ఒకటే స్టాంపు. ఏప్రిల్ 1న విడదీశాక మొదట్లో ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చేసి వాడారు, దాన్నే ఓవర్‌ప్రింట్ అంటారు. అంటే 1936లో రంగూన్ నుంచి వచ్చిన కవరు మీది స్టాంపు కోసి నానబెడితే చేతికొచ్చేది ఏ ఆల్బంలోనైనా దొరికే అయిదో జార్జి బొమ్మే. గుండ్రటి ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది కదా, రంగూన్ అనే పేరు కాస్తా చెత్తబుట్టలోకి పోతుంది. పోస్టుకార్డైతే మరీ అన్యాయం, దాని మీద స్టాంపు అచ్చయ్యే ఉంటుంది, కోస్తే కార్డుకి కన్నం పడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

నా దగ్గర అలాంటి కవరు ఒకటుంది. ముందు రంగూన్ ముద్ర, వెనక కాకినాడ ముద్ర, అదీ ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగులో ‘కొకనాడా’ అని, దాని పక్కనే కాస్త అలుక్కుపోయిన ఊరి పోస్టాఫీసు ముద్ర. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఉత్తరం సముద్రం మీద ఎన్నాళ్లుందో, కాకినాడ నుంచి ఊరు చేరడానికి ఎంత పట్టిందో తెలిసిపోతుంది. అడ్రసు సగం ఇంగ్లిష్, సగం తెలుగు, చివర్న ‘రావిచెట్టు దగ్గర ఇల్లు’ అని. స్టాంపు విలువ చూస్తే బజార్లో పది రూపాయలు కూడా రాదు, కవరుతో కలిపి అడిగితే మాత్రం నేను ఇవ్వను.

యానాం సంగతి ఇంకా తమాషా. 1954 దాకా అది ఫ్రెంచివాళ్లది, అక్కడ నడిచింది ఫ్రెంచి ఇండియా స్టాంపులు. 1923 నుంచి వాటి మీద ధర ఫనాలు, కాసుల్లో ఉండేది: 24 కాసులు ఒక ఫనం, 8 ఫనాలు ఒక రూపాయి. అయితే పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగర్, యానాం అన్నిటికీ కలిపి ఒకటే స్టాంపు. ఫలానా స్టాంపు మన యానాంలో వాడిందని చెప్పేది ఫ్రెంచిలో ఉన్న ఆ ఊరి ముద్ర ఒక్కటే. అది లేకుండా కోసేశాక ఎంత పెద్ద కలెక్టరు వచ్చి చూసినా అది యానాందో కారైకాల్‌దో చెప్పలేడు.

బేరింగు ఉత్తరాలు కూడా పారెయ్యకండి. స్టాంపు తక్కువ అంటిస్తే ఆ లోటుకి రెట్టింపు తీసుకునేవాడి దగ్గర గుంజేవాళ్లు, ఆ లెక్క కవరు మీదే రాసి ఉంటుంది. ఏ ఏడాది ఎంత రేటో, ఎవరు ఎగ్గొట్టారో, మా తాతల కాలం పిసినారితనంతో సహా అన్నీ బయటపడతాయి!

పన్లో పని, పోస్టాఫీసుల వాళ్లకి కూడా ఒక మాట. ఈమధ్య నాకొచ్చిన కవర్ల మీద మంచి మంచి కొత్త స్టాంపులకి ముద్ర వెయ్యకుండా బాల్‌పెన్నుతో అడ్డంగా గీతలు కొట్టి పంపిస్తున్నారు. ముద్ర ఉన్నది ఎందుకండీ? ఊరు పేరు, తేదీ కనబడేలా ఒక్కటి గట్టిగా కొడితే ఏం పోయింది?

వచ్చే ఆదివారం పిల్లలకి ఈ నాలుగు ముక్కలూ వెయ్యండి: పాతవి కొయ్యొద్దు, సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే చేయించొద్దు, కవరు రెండు వైపులా ఫోటో తీసి పొడిగా ఉండేచోట పెట్టుకోండి. మనకి వానాకాలం తేమ ఎక్కువ, ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే కాగితానికి బూజు పడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామచంద్రపురం