డబ్బు కట్టేముందు కొండ బొమ్మ చూడు

ఒరేయ్ శ్రీనూ,

మాంట్రియల్‌లో ఇల్లు సర్దుకోవడం అయిందా? చెల్లెమ్మకి ఊరు అలవాటయిందా? మొన్న ఫోన్లో నువ్వు "ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే పని నా వల్ల కాదు, కారుతో వచ్చిన ఆల్ సీజన్ టైర్లే ఉంచేస్తా" అన్నావు. అప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

డల్లాస్‌లో నడిచినట్టు అక్కడ నడవదురా. మీ మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు ఉండి తీరాలని చట్టం. అయినా నీకో దారి ఉంది, ఆల్ వెదర్ టైర్లు. పేరు వింటే ఆల్ సీజన్ లాగే ఉంటుంది కానీ రెండూ వేరు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు (స్నోఫ్లేక్) బొమ్మ ఉండాలి. మంచు మీద పరీక్ష నెగ్గితేనే ఆ బొమ్మ వేస్తారు. అదుంటే చట్టం ఒప్పుకుంటుంది, ఏడాదంతా అవే వాడుకోవచ్చు. ఉత్త 'ఎం ప్లస్ ఎస్' (M+S, అంటే బురద, మంచు) అని ఉంటే చాలదు. అది గాడుల తీరును బట్టి కంపెనీ తనంతట తానే వేసుకునే గుర్తు.

ఆ గుర్తు చూసి చాలనుకుని నేను పొరబడింది అక్కడే. టొరంటోలో నా మొదటి చలికాలం. వాలు రోడ్డు, ముందు రెడ్ సిగ్నల్, బ్రేక్ తొక్కాను. కారు ఆగలేదు. చప్పుడు లేకుండా జారుకుంటూ నాలుగు రోడ్ల మధ్యలోకి పోయింది. వెనక సీట్లో పాప నిద్రపోతోంది. అటు నుంచి ఏ బండీ రాలేదు కాబట్టి బతికిపోయాం. ఇప్పటికీ ఆ సిగ్నల్ దగ్గరకొస్తే నాకు కాళ్లలో వణుకే. 7 డిగ్రీల కిందకి పోతే మామూలు రబ్బరు గట్టిపడి రోడ్డుని పట్టుకోదని ఆ తర్వాతే తెలుసుకున్నాను.

నీ టెస్లా మోడల్ వై ఎలక్ట్రిక్ కారు, దాదాపు 2 టన్నుల బండి. కాబట్టి సైజు ఒక్కటే చూడకు, లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె కూడా చూడు. 19 అంగుళాల చక్రాలకైతే 255/45 సైజులో 104 ఉండాలి, అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుంది. తక్కువ ధరకి వస్తుందని అంతకన్నా తక్కువది తీసుకోకు. ఈ టైర్లతో రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో కారు నడిచే దూరం, కొంత తగ్గుతుంది, నిజమే. నాకూ తగ్గింది. ఆ నాలుగు కిలోమీటర్ల కోసం పట్టు వదులుకోవద్దు.

నేను వేయించుకున్న ఆల్ వెదర్ టైర్లు మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2. నోకియన్‌వి కూడా చూడు, 1934లోనే వింటర్ టైరు తయారుచేసిన ఫిన్లాండ్ కంపెనీ అది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఆ బొమ్మ కోసం చేసే పరీక్ష మంచు మీదే, గడ్డకట్టిన ఐసు మీద కాదు. పిల్లల్ని తీసుకుని ప్రతి వారం మీ ఊరికి ఉత్తరాన ఉన్న లారెన్షియన్ కొండలకి పోయేటట్టయితే అసలైన వింటర్ టైర్లే కొను. ఊళ్లో తిరగడానికైతే ఆల్ వెదర్ చాలు.

చలి ముదిరితే గాలి కూడా తగ్గుతుంది, 5, 6 డిగ్రీలు పడిపోతే సుమారు 1 పీఎస్ఐ. నెలకోసారి చూసుకో.

నవంబర్ వస్తే షాపులు కిటకిటలాడతాయి, ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకో. డబ్బు కట్టేముందు టైరు పక్క భాగం ఫోటో తీసి నాకు పంపు. ఆ బొమ్మ నా కళ్లతో చూడాలి.

నీ
రవి