లేజర్ అయితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సైన్స్ పేజీలో, రంగు వేయకుండానే బతికున్న కణాన్ని మూడు కొలతల్లో చూపించే మైక్రోస్కోపుల గురించి రాశారు. చాలా సంతోషం. కానీ అందులో "లేజర్ వెలుగు అన్నిటికన్నా శుద్ధమైంది కాబట్టి బొమ్మ కూడా అంత తేటగా వస్తుంది" అన్న వాక్యం సరికాదు. నేను నరసాపురంలో పద్దెనిమిదేళ్లుగా రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్ నడుపుతున్నాను. చదివింది బీఎస్సీ ఫిజిక్స్. పిల్లలు ఆ మాట చదివి నమ్మేస్తారనే ఈ ఉత్తరం.

తెల్లారేసరికి మొగల్తూరు, పేరుపాలెం వైపు రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. చుక్క తీసి స్లైడు మీద వేస్తే సన్నపాటి డయాటములు (కంటికి ఆనని నాచు జీవులు) గాజు పలుకుల్లా ఉంటాయి. వెలుగు వాటిలోంచి దూసుకుపోతుంది, నీడ పడదు. అప్పుడు మేమంతా చేసే పని ఒకటే: కండెన్సర్ (స్లైడుకు కింద నుంచి వెలుగు అందించే కటకం) కిందున్న, వెలుగు దారిని చిన్నది పెద్దది చేసే డయాఫ్రమ్‌ని సగానికి పైగా మూసేస్తాం. వెంటనే అంచులు నల్లగా తేలతాయి. పని నేర్పినవాళ్లు చెప్పలేదు గానీ, ఆ చిన్న మీట కదిపినప్పుడల్లా మేం మారుస్తున్నది వెలుగు సంబద్ధతనే, అంటే అలలు ఒకే వరసలో నిలిచే గుణాన్నే. మూస్తే అది పెరుగుతుంది, తెరిస్తే తగ్గుతుంది.

ఇంటర్ పుస్తకంలో 'సంబద్ధ జనకాలు' అని అందరం చదివిందే. సఖినేటిపల్లి పంటు (ఏరు దాటించే పడవ) కదిలినప్పుడు వశిష్ఠ గోదావరిలో అలలు వరసగా వస్తాయి. మధ్యలో వలకు పాతిన గెడ ఉంటే అక్కడ ఆ వరస చెదిరి, గెడ ఎక్కడుందో అలలే చెబుతాయి. జోరుగా వాన పడుతుంటే అదే నీళ్లు ఏమీ చెప్పవు. నీటి వక్రీభవన గుణకం 1.33, ఎర్ర రక్తకణానిది సుమారు 1.40. కాబట్టి కణంలోంచి వచ్చిన అల కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటే దశ. దాన్ని కొలవడానికి వరస ఉండాలి.

ఇంతవరకు మీ వ్యాసం ఒప్పే. అయితే లేజర్ అలకు మనకు కావలసిన గెడ, అక్కర్లేని గెడ అన్న తేడా లేదు. మామూలు హీలియం-నియాన్ లేజర్‌లో ఆ వరస 20, 30 సెంటీమీటర్ల దాకా చెదరదు. లెన్సు మీద దుమ్ము, చుక్క మీద కప్పే పల్చటి గాజు కవర్‌స్లిప్పులో అటూ ఇటూ తిరిగొచ్చిన వెలుగు, అన్నీ వచ్చి బొమ్మలో కలుస్తాయి. మా అమ్మాయి పరిశోధన చేసే ల్యాబ్‌లో నా కళ్లతో చూశాను. కణం చుట్టూ ఇసుక చల్లినట్టు గరుకు, దుమ్మున్న చోటల్లా ఉంగరాలు. కణం అంచు ఎక్కడ ముగిసిందో తేల్చుకోలేకపోయాను.

ఎల్ఈడీ సంగతి వేరు. 620 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర 20 నానోమీటర్ల వెడల్పున రంగులు పరచుకున్న ఎర్ర ఎల్ఈడీ తీసుకోండి. తరంగదైర్ఘ్యం వర్గాన్ని ఆ వెడల్పుతో భాగిస్తే సంబద్ధత పొడవు, అంటే వరస చెదరకుండా నిలిచే దూరం, 19 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కవర్‌స్లిప్పు మందం 170 మైక్రాన్లు. అందులో ఒకసారి తిరిగొచ్చిన వెలుగు అర మిల్లీమీటరు వెనకబడుతుంది, దాని వరస ఎప్పుడో తప్పిపోయి ఉంటుంది. ఇక అది చారలు గీయలేదు.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. కాలేజీ చీకటి గదిలో సోడియం దీపం కింద న్యూటన్ వలయాలు (గాజు పలక మీద కటకం పెడితే కనిపించే వెలుగు, చీకటి వలయాలు) లెక్కపెడుతుంటే మా మేడం దీపం మార్చి తెల్ల బల్బు పెట్టారు. మధ్యలో నాలుగైదు రంగు వలయాలు మిగిలాయి, తక్కినవి మాయం. తెల్ల వెలుగు వరస అంత తక్కువ దూరమే నిలుస్తుంది మరి. ఇప్పుడు ఆ దీపం లేదట, వీడియో చూపించి రికార్డు రాయిస్తున్నారని నా దగ్గర ట్రైనింగుకి వచ్చే పిల్లలు చెబితే మనసు కష్టపడింది.

మూడు కొలతల దగ్గర ఇది మరీ ముఖ్యం. డయాఫ్రమ్ తెరిస్తే వెలుగు అనేక కోణాల్లో వచ్చి, ఫోకస్‌లో ఉన్న పొర తేటపడుతుంది, పైకిందా పొరలు మసకబారతాయి. అలా పొరపొరగా తీసి కూర్చుకోవచ్చు. 2014లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గాబ్రియేల్ పొపెస్కూ బృందం తెల్ల వెలుగుతోనే బతికున్న కణాలను పొరపొరగా తీసి మూడు కొలతల్లో చూపించింది.

తెల్ల వెలుగుకూ లోటుంది. అల అడ్డంగా కణం వెడల్పంత దూరం వరస తప్పకుండా నిలవకపోతే, కణం నడుమ దశ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది, అంచు చుట్టూ వెలుగు వలయం కడుతుంది. కణం మందాన్ని అంకెల్లో కట్టేవాళ్లకు అది పెద్ద తప్పు. భౌతిక శాస్త్రవేత్త ఎమిల్ వోల్ఫ్ 1969లో ఇచ్చిన లెక్క ప్రకారం లేజర్‌ను కోణం మార్చి మార్చి వేసే పద్ధతిలో ఆ వలయం బాధ ఉండదు, గరుకు బాధ ఉంటుంది.

దయచేసి సవరణ వేయండి. ఒకే డయాటమ్‌ను డయాఫ్రమ్ మూసి ఒకటి, తెరిచి ఒకటి తీసిన రెండు ఫోటోలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పక్కపక్కన వేయండి. మూసి తీసినదాంట్లో ఎడమ మూల ఉన్న ఉంగరం ఏ జీవీ కాదు, కవర్‌స్లిప్పు మీది దుమ్ము రేణువు. ఆ మాట ఫోటో కింద తప్పకుండా రాయండి.

— ఒక ఆక్వా ల్యాబ్ నిర్వాహకురాలు, నరసాపురం