వెలిగొండల దోవ తెలియని సైకిల్ జీపీఎస్: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

ఉదయగిరి, నెల్లూరు జిల్లా
12-12-2025

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మౌంటెన్ సైకిళ్ల కోసమని మీరు అమ్మిన జీపీఎస్ పరికరంలో మా ప్రాంతపు కాలిబాటలు లేకపోవడం, వాన చినుకులకు తెర పనిచేయకపోవడం గురించి.

అయ్యా,

అక్టోబరు 21న మీ వెబ్‌సైట్‌లో 31,990 రూపాయలు కట్టి సైకిల్ జీపీఎస్ కొన్నాను. 27న చేతికొచ్చింది. నేను ఇక్కడి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఆదివారాలు నేనూ మా తమ్ముడూ వెలిగొండల అడుగున సైకిళ్ల మీద తిరుగుతాం. ఈ మధ్య పదో తరగతి పిల్లలు నలుగురైదుగురు "మేమూ వస్తాం టీచర్" అని వెంటపడుతున్నారు. పిల్లల్ని తీసుకెళ్లాలంటే ఫోన్ ఒక్కటే చాలదు. మ్యాపు ముందే దించుకున్నా తెర వెలుగుతూనే ఉండాలి, మధ్యాహ్నానికల్లా ఛార్జింగ్ అయిపోతుంది. ఎవరైనా పడితే కబురు చేయడానికి ఆ ఫోనే దిక్కు. అందుకే వేరే పరికరం ఉండాలనుకున్నాను.

తొందరపడి కొనలేదు. రెండు నెలలు ఆరా తీశాను. ఉపగ్రహాల నుంచి వచ్చే ఎత్తు లెక్క, చోటు లెక్కంత కచ్చితంగా ఉండదు కాబట్టి గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ ఉన్నదే కావాలనుకున్నాను. కొండ గోడలకు తగిలి మళ్లి వచ్చే సిగ్నళ్ల వల్ల చోటు తప్పు పడుతుంది. ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) సిగ్నళ్లనూ అందుకునే రిసీవర్ అయితే ఆ తేడా తగ్గుతుందని తెలుసుకుని అలాంటిదే వెతికాను. ఈ రెండూ మీ పరికరంలో ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు మ్యాపు మీద. అక్టోబరు 19న, డబ్బు కట్టకముందే, మీ చాట్‌లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఉదయగిరి, సీతారామపురం మండలాల్లో కొండ కాలిబాటలు, బండి డొంకలు మ్యాపులో ఉన్నాయా?" రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఉన్నాయి మేడమ్, ఇండియా మొత్తం ట్రైల్స్ ఉన్నాయి." ఆ మాట నమ్మే కొన్నాను. ఆ చాట్ కాపీ జతచేశాను.

నవంబరు 16, ఆదివారం ఉదయం సీతారామపురం రోడ్డు మీద కొంత దూరం పోయి, కొండ వైపు డొంకలోకి తిరిగాం. తిరిగిన క్షణం నుంచీ తెర మీద లేత గోధుమరంగు తప్ప ఏమీ లేదు. మా బాణం గుర్తు ఒక్కటే ఆ ఖాళీలో కదులుతూ ఉంది. డొంక లేదు, వంక లేదు, చెరువు కట్ట లేదు. మౌంటెన్ సైకిల్ అని ఎంచి దారి అడిగితే మళ్లీ మళ్లీ లెక్కవేసి, వెనక్కి తిరిగి తారు రోడ్డెక్కమంది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్న దుర్గం మాది. ఐదొందల ఏళ్లుగా మనుషులు, పశువులు నడిచి అరగదీసిన దోవలు ఈ కొండల చుట్టూ ఉన్నాయి. మీ మ్యాపులో వాటిలో ఒక్కటీ లేదు.

అయినా భయపడలేదు. వచ్చిన దోవను పరికరం గీతగా గీస్తూనే ఉంది, ఆ గీత పట్టుకుని వెనక్కి రావచ్చనుకున్నాను. పదకొండు దాటాక చినుకులు మొదలయ్యాయి. తెర మీద పడ్డ ప్రతి చుక్కనీ అది వేలు అనుకుంది. మ్యాపు దానంతటదే పెద్దదైంది, చిన్నదైంది, పక్క పేజీకి పోయింది. నేను చున్నీ కొంగుతో తుడిచేలోపు "రైడ్ ముగిసింది" అని చూపించింది. తెర మీది గీత పోయింది. అక్కడి నుంచి మూడు చోట్ల దోవ చీలింది, మూడు చోట్లా మాకు సందేహమే. ఒక మేకల కాపరి మమ్మల్ని చూసి, "యాడికి పోతుండారమ్మా? ఆ దోవ బండ కాడ ఆగిపోద్ది, ఇట్లా రండి" అని వంక దాకా వచ్చి రోడ్డు చూపించాడు. ఆయన లేకపోతే మాకు మధ్యాహ్నం ఎక్కడ గడిచేదో తెలియదు. మా దగ్గర అప్పటికి మిగిలింది అర లీటరు నీళ్లు. ఆ రోజు పిల్లలు వెంట లేరు, అదొక్కటే నా అదృష్టం.

దీనికి మీ వాళ్లు నవంబరు 24న ఇచ్చిన జవాబు: పరికరం ఐపీఎక్స్7 కాబట్టి వాన వల్ల సమస్య రాదు, పొరపాటున నేనే నొక్కి ఉంటాను, 7 రోజుల వాపసు గడువు దాటిపోయింది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా నీళ్లు లోపలికి పోయి పాడుచేయవని. తడిసిన తెర సరిగ్గా పనిచేస్తుందని దాని అర్థం కాదు. వానలో తెరకు తాళం వేసే సదుపాయం ఉందని మీ పుస్తకం 41వ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ మాట పెట్టె మీద, వానలో సైకిల్ తొక్కుతున్న మనిషి బొమ్మ పక్కన ఉండాల్సింది.

మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా చేశామని మీరే రాశారు. అది స్వచ్ఛందంగా జనం గీసే మ్యాపు. ఎవరూ గీయని చోట ఖాళీ ఉంటుంది, అందులో తప్పు లేదు. మేం తిరిగే దోవలు మేమే గీసి ఎక్కించడం మొదలుపెట్టాం కూడా. కానీ లేనిది ఉందని చెప్పి అమ్మడం తప్పే. అడవి అంచున నమ్ముకుని పోయే వస్తువు ఇది.

నేను కోరేది: 31,990 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వాలి, పరికరాన్ని మీ ఖర్చుతో తీసుకెళ్లాలి. కొనేవాళ్లు తమ ఊరి మ్యాపు ముందే చూసుకునే వీలు మీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. తెలియని ప్రశ్నకు "ఉన్నాయి మేడమ్" అని చెప్పొద్దని చాట్‌లో కూర్చునే వాళ్లకు చెప్పాలి.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద నెల్లూరులోని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెబుతాను.

బిల్లు, చాట్, మీ జవాబు, ఖాళీ మ్యాపు ఫోటోలు జతచేశాను. పరికరాన్ని తాడు, ఛార్జరు, పుస్తకంతో సహా మీ పెట్టెలోనే సర్ది ఉంచాను. మీ మనిషి ఏ రోజైనా బడి వదిలాక, సాయంత్రం 5 గంటల తర్వాత వస్తే ఇచ్చేస్తాను.

ఇట్లు,
మీ దగ్గర పరికరం కొన్న ఉపాధ్యాయురాలు
(పేరు, చిరునామా బిల్లులో ఉన్నాయి)