కన్ఫర్మ్ అన్న లో సాల్ట్ మీల్ మా నాయన ట్రేలకు ఎందుకు రాలేదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

నమస్తే. మాది మహబూబ్‌నగర్. మా అమ్మ, నాయన పోయిన నెల ఒక శనివారం తెల్లారుజామున శంషాబాద్‌ల మీ ఫ్లైట్ ఎక్కి, గల్ఫ్‌ల ఇంకో ఫ్లైట్ మారి, డల్లాస్‌ల ఉన్న మా అక్క దగ్గరికి పోయిన్రు. అక్కకు డెలివరీ ఉండె. టికెట్లు నేనే మీ వెబ్‌సైట్‌ల కొన్న, పీఎన్‌ఆర్ నంబర్ ఈ మెయిల్ సబ్జెక్ట్‌ల పెట్టిన. ఇంతకు ముందు ఒకసారి రాస్తే మీ వాళ్ళు నాలుగు లైన్ల జవాబు పంపిన్రు, స్పెషల్ మీల్స్ అందుబాటును బట్టి ఉంటయి, జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నం, ఇదిగో వోచర్ అని. ఆ వోచర్ నాకు వద్దు. జరిగింది మొత్తం మల్ల రాస్తున్న, ఈసారి ఎవరన్న ఒక మనిషి కూసోని పూర్తిగ చదవాలె.

మా నాయనకు గుండె పంపింగ్ తక్కువ. రెండేండ్ల కింద ఒక రాత్రి పండుకుంటే ఊపిరి ఆడక లేచి కూసున్నడు, కాళ్ళు చూస్తే వేలు పెట్టి నొక్కితే గుంత పడేటట్టు వాపు. అప్పటి నుంచి రోజూ ఒంట్ల నీరు తీసే నీళ్ళ గోలీ, బీపీ గోలీ, ఇంకా రెండు మూడు రకాలు వాడుతున్నడు. గోలీలు ఎన్ని ఇచ్చినా డాక్టర్ ప్రతిసారి అడిగేది ఒక్కటే, ఉప్పు ఎంత తింటున్నవ్ అని. ఉప్పు ఎక్కువైతే ఒంట్ల నీరు నిలుస్తది, ఆ నీరు కాళ్ళల్లకు దిగుతది, ఊపిరితిత్తులల్లకు చేరుతది, అసలే అలిసిపోయిన గుండె దాన్ని మోయలేదు. మామూలు మనిషికే రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, మన తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కూడ అదే చెప్తరు, 5 గ్రాములు అంటే ఒక చిన్న చెంచాడు అంతే, అందుల సోడియం సుమారు 2 గ్రాములు. మా నాయనకు ఇంకా తగ్గించమన్నరు. మామిడికాయ తొక్కు లేనిదే ముద్ద దిగని మనిషి, రెండేండ్ల నుంచి ఆ జాడి దిక్కు చూడలే. అమ్మ ఇంట్ల రెండు గిన్నెలల్ల కూర వండుతది, ఒకటి మాకు, ఒకటి ఆయనకు. ఇదంత ఎందుకు రాస్తున్న అంటే మీ ఫారంల లో సాల్ట్ మీల్ అనేది పిల్లల మీల్, పండ్ల మీల్ పక్కన ఒక ఆప్షన్ లెక్క కనపడ్తది, నోటి రుచి కోసం ఎంచుకునేది అనుకుంటరేమో. మాకు అది నీళ్ళ గోలీ అసొంటిదే.

ప్రయాణానికి ముందే డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకున్నం. మీ నియమం ప్రకారం స్పెషల్ మీల్ కనీసం 24 గంటల ముందు చెప్పాలె, నేను ఆరు రోజుల ముందే మేనేజ్ బుకింగ్‌లకు పోయి నాయన పేరు మీద ఎల్ఎస్ఎంఎల్, అంటే లో సాల్ట్ మీల్ కోడ్, పెట్టిన. నమ్మకం లేక కాల్ సెంటర్‌కు కూడ ఫోన్ చేసిన, ఇరవై నిమిషాలు లైన్ల ఉన్న, ఆమె చూసి "కన్ఫర్మ్ అయింది మేడమ్, రెండు ఫ్లైట్లకు కూడ" అన్నది. రెండు ఫ్లైట్లకు అనే మాట నేను అడిగి మరీ చెప్పించుకున్న.

నాకు ఇప్పటికీ నిద్ర పట్టకుండ చేసేది ఈ తర్వాతి ముచ్చట. బయలుదేరే రోజు సాయంత్రం అమ్మ ఎనిమిది జొన్న రొట్టెలు చేసింది. మా పాలమూరు దిక్కు జొన్న రొట్టెల ఉప్పు వెయ్యం, ఉత్త పిండి, వేడి నీళ్ళు, పెంక మీద కాల్చుడు అంతే, రెండు రోజులైనా పాడు కాదు. ఉప్పు లేకుండ పల్లీల పొడి, ఎల్లిపాయ కారం పొడి కూడ పొట్లం కట్టింది. నేనే వద్దన్న. వద్దమ్మా, ఫ్లైట్ల ఉప్పు లేని భోజనం చెప్పిన, కన్ఫర్మ్ అన్నరు, గీ మూట ఎందుకు, మల్ల అమెరికల దిగినంక ఇదేంది అదేంది అని చెకింగ్‌ల అడుగుతరు అని బ్యాగ్ల నుంచి నా చేతులతోనే తీసి పక్కకు పెట్టిన. అమ్మ ఒక మాట కూడ అనలే. జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ పోయేదాక కూడ నాయనను తిండి గురించి రంది పెట్టుకోకు అని నేనే ధైర్యం చెప్పిన. మీ ఒక్క మాట మీద ఆ రొట్టెలు ఇంట్లనే ఉండిపోయినయి.

మొదటి ఫ్లైట్ల ఎల్ఎస్ఎంఎల్ అని స్టిక్కర్ వేసిన ట్రే వచ్చింది, అందరికంటే ముందే తెచ్చి ఇచ్చిన్రు, అది మంచిగనే చేసిన్రు. కాని అందుల చికెన్ ఉన్నది. నాయన శనివారం నీసు ముట్టడు, చిన్నప్పటి నుంచి ఉన్న నియమం. మీ సిస్టంల ఒక మనిషికి ఒక్క స్పెషల్ మీలే పెట్టనిస్తది, లో సాల్ట్ పెడితే వెజిటేరియన్ పెట్టరాదు, వెజిటేరియన్ పెడితే లో సాల్ట్ పెట్టరాదు. మా దేశంల సోమవారం తిననోళ్ళు, శనివారం తిననోళ్ళు, అసలే తిననోళ్ళు ఇంతమంది ఉన్నరు, వాళ్ళల్ల బీపీ ఉన్నోళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళు ఉండరా? ఉప్పు తక్కువ భోజనం ఒక్కటే రకం చేసేది ఉంటే దాన్ని కూరగాయలతోనే చెయ్యొచ్చు గదా, చికెన్ తినేటోళ్ళు కూరగాయలు తింటరు, కూరగాయలు తినేటోళ్ళు చికెన్ తినరు. ఆ పూట నాయన పండ్ల ముక్కలు, కీరా ముక్కలు తిని గోలీలు వేసుకున్నడు. సరే, నాలుగు గంటల ప్రయాణమే, ముందట ఇంకో భోజనం ఉన్నది అనుకున్నరు.

రెండో ఫ్లైట్ పదిహేను గంటల పైన. అందుల ట్రే రాలే. అమ్మ నేను ఇంగ్లీష్‌ల రాసిచ్చిన కాయితం తీసి చూపించింది, మా నాయనకు గుండె జబ్బు, లో సాల్ట్ మీల్ బుక్ చేసినం, దయచేసి ఇవ్వండి అని. ఇద్దరికీ తెలుగు తప్ప జర హిందీ వస్తది. ఆ అమ్మాయి కాయితం చదివి, తన దగ్గరున్న లిస్ట్ చూసి, ఈ సీటుకు ఏమీ లేదు అని చెప్పింది. నాయన ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైర్ అయిండు, ముప్పై ఏండ్లు బండ్ల నిండ మందిని ఎక్కించుకోని తిప్పిన మనిషి, ఎవరినన్న రెండోసారి అడగాలంటే మొహమాటపడ్తడు. పోనీ తియ్యి అన్నడట. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, తర్వాత ఆమెనే రెండు అరటిపండ్లు, యాడికెల్లో ఒక సలాడ్ గిన్నె తెచ్చి ఇచ్చింది. ఆమె చేతులల్ల ఉన్నది ఆమె చేసింది. లిస్ట్‌ల పేరు లేకుంటే ఆమె మాత్రం ఏం చేస్తది.

పదిహేను గంటలు రెండు అరటిపండ్ల మీద ఎట్ల ఉంటడు. తల తిరుగుతుందని అంటే అమ్మ భయపడి మామూలు వెజ్ ట్రే తీసుకున్నది, అన్నం, కూర, బన్ను, బట్టర్, చీజ్, పచ్చడి పొట్లం. పచ్చడి, చీజ్ పక్కన పెట్టించింది, బన్నుల కూడ ఉప్పు ఉంటదని ఆమెకు తెల్వదు. కూర సప్పగనే ఉన్నది గదా అని నాయన తిన్నడట. ఇక్కడనే అందరు మోసపోతరు. పైన క్యాబిన్ల గాలి ఒత్తిడి 6 నుంచి 8 వేల అడుగుల గుట్ట మీద ఉన్నంత, గాలి మస్తు పొడిగ ఉంటది, ముక్కు ఎండిపోతది, నాలుకకు ఉప్పు తెలిసేది తగ్గుతది. 2010ల జర్మనీల ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్ళు విమానం ముక్కను ప్రెషర్ చాంబర్ల పెట్టి మనుషులకు తినిపించి చూస్తే ఉప్పు 20 నుంచి 30 శాతం తక్కువగ అనిపించింది. సప్పగ ఉన్నది అనొద్దని ఫ్లైట్ కిచెన్లల్ల ఉప్పు, మసాలా ఎక్కువ దట్టిస్తరు. అంటే నోటికి సప్పగ అనిపించే కూరలనే ఇంట్ల కూర కంటే ఎక్కువ ఉప్పు ఉండొచ్చు. రుచి చూసి జాగ్రత్త పడే దారి కూడ రోగికి అక్కడ ఉండదు, మీరు చెప్పిన మాటే దిక్కు.

డల్లాస్‌ల దిగేసరికి కాళ్ళకు చెప్పులు పట్టలే. అంతసేపు కూసుంటే మామూలోళ్ళకు కూడ కాళ్ళు వాస్తయి, అది నాకు తెలుసు, అంత మీ మీదనే మోపుతలేను. కాని ఆయన రోజూ పొద్దున బరువు చూసుకుంటడు, డాక్టర్ చెప్పిన పద్ధతి అది, మూడు రోజుల్ల రెండు కిలోలు పెరిగితే ఆగకుండ ఫోన్ చెయ్యమన్నరు. మూడో రోజుకు రెండు కిలోల పైన పెరిగిండు. రాత్రి రెండు దిండ్లు పెట్టుకోని పండుకున్నడు. అక్క నెలలు నిండిన మనిషి, వారంల డెలివరీ, కూతురుకు ఆసరా అయితమని పోయినోళ్ళు, కూతురే ఆయన పక్కన కూసోని ఇక్కడ డాక్టర్‌కు వీడియో కాల్ చేయించింది. డాక్టర్ నీళ్ళ గోలీ డోసు పెంచితే ఐదు రోజులకు దిగింది. ఆస్పత్రి దాకా పోలే, అది మా అదృష్టం. పాత జబ్బులకు అక్కడ ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎంత ఇస్తదో మీకు తెలిసే ఉంటది.

తర్వాత నేను నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగోసారి ఒక అబ్బాయి అసలు సంగతి చెప్పిండు. రెండో ఫ్లైట్ మీ నంబర్ మీదనే ఉన్నా నడిపేది మీ పార్ట్‌నర్ కంపెనీ అట. వాళ్ళకు వేరే పీఎన్‌ఆర్ ఉంటదట, మీల్ రిక్వెస్ట్ అక్కడికి పోతే వాళ్ళు ఒప్పుకున్నట్టు తిరిగి మెసేజ్ రావాలెనట, అది రాలేదట. అట్లైతే మీ స్క్రీన్ మీద కన్ఫర్మ్ అని ఎట్ల చూపించింది? మీరు రిక్వెస్ట్ పంపిన్రు, వాళ్ళు ఒప్పుకోలే, దానికి కన్ఫర్మ్ అని పేరు పెట్టిన్రు. ఆ పార్ట్‌నర్ పీఎన్‌ఆర్ నాకు టికెట్‌ల ఇస్తే నేనే వాళ్ళకు ఫోన్ చేసి చెప్పుకుందును. ఇప్పుడు మా ఊరోళ్ళు ఎవరు పోయినా అదే చెప్తున్న, ఆపరేట్ చేసే కంపెనీ పీఎన్‌ఆర్ అడిగి తీసుకోండి, వాళ్ళకు వేరేగ ఫోన్ చెయ్యండి, సీటు మారితే ఎక్కంగనే క్రూకు చెప్పండి, ట్రే పాత సీటుకు పోతది అని. ఈ మాటలు చెప్పాల్సింది మీరు గదా, నేను కాదు.

ఇంకో ముచ్చట. అదే అబ్బాయి లో సాల్ట్ మీల్‌ల "సోడియం తక్కువున్న స్పెషల్ ఉప్పు వాడతరేమో" అన్నడు. ఏమో అంటే కుదరదు. ఆ ఉప్పులల్ల సోడియం బదులు పొటాషియం కలుపుతరు. మా నాయన వాడే గోలీలల్ల స్పైరోనోలాక్టోన్ ఉన్నది, అది ఒంట్ల పొటాషియం పెంచుతది, మల్ల పైనుంచి పొటాషియం ఉప్పు పడితే గుండె కొట్టుకునుడే గతి తప్పుతది, కిడ్నీలు సరిగ లేనోళ్ళకు ఇంకా ప్రమాదం. ఆ ఉప్పు వాడతరా లేదా, ఒక్క ముక్కల జవాబు రాయండి. వాడేది ఉంటే ట్రే మీద స్టిక్కర్‌ల రాయండి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద సోడియం ఎంతనో రాస్తరు, రోగి కోసమని వండిన భోజనం మీద ఎందుకు రాయరు?

నేను అడిగేది పెద్దది కాదు. ఇయ్యలేకపోతే ఇయ్యలేమని ముందే చెప్పండి. ఫోన్ నంబర్ మీ దగ్గర ఉన్నది, గేట్ మారితే, అర్ధగంట లేటైతే మెసేజ్ పంపుతరు, సీటు అప్‌గ్రేడ్ కొనుక్కోమని రోజుకు రెండు మెసేజ్‌లు వస్తయి. లో సాల్ట్ మీల్ రెండో ఫ్లైట్‌ల లేదు అని ఒక్క మెసేజ్ వస్తే ఆ రొట్టెలు బ్యాగ్లనే ఉండు.

ఈ లెటర్‌కు 15 రోజులల్ల సరైన జవాబు రాకుంటే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌ల పెడ్త, ఆ తర్వాత మా మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల కేసు వేస్త. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము ఉన్న జిల్లాలనే వెయ్యొచ్చని తెలుసుకున్న. డబ్బు కోసం కాదు, మీ ఫోన్ రికార్డింగ్‌ల మీ ఆమె అన్న "రెండు ఫ్లైట్లకు కూడ" అనే మాట ఉంటది, అది ఎవరన్న మల్ల వినాలె.

అమ్మ, నాయన వచ్చే నెల 22 నాడు తిరిగి వస్తున్నరు, మల్ల అదే రెండు ఫ్లైట్లు. నాయనకు లో సాల్ట్ మీల్ మల్ల పెట్టిన, ఈసారి మీ పార్ట్‌నర్ కంపెనీ కూడ ఒప్పుకున్నట్టు రాతల పంపండి, వాళ్ళ పీఎన్‌ఆర్ తోని సహా. అక్క అక్కడి ఇండియన్ స్టోర్ల జొన్న పిండి తెచ్చి పెట్టుకున్నది. 18 తారీఖు లోపల మీ నుంచి కాయితం రాకుంటే ఎన్ని రొట్టెలు కాల్చాల్నో అమ్మ లెక్క వేసుకున్నది.

ఇట్లు,
టికెట్ బుక్ చేసిన చిన్న బిడ్డ,
మహబూబ్‌నగర్