రాత్రి కరెంటు కోసం విద్యుత్ శాఖ మంత్రి గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి నమస్కారం.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలిచ్చాం. పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా గుంటలకి కరెంటు తెచ్చే ఫీడర్ లైను మాత్రం అలాగే ఉంది. అందుకే పదిమందీ చదివేలా రాస్తున్నాను.

రొయ్యల గుంటల్లో ఎవరికి రాయితీ కరెంటు ఇవ్వాలన్న జోన్, నాన్‌జోన్ గొడవ తమకు తెలిసిందే. నా బాధ రాత్రి కరెంటు గురించి.

నేలటూరులో 2,400 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. కృష్ణపట్నం పోర్టులో దిగిన బొగ్గు మా కళ్ల ముందే కరెంటవుతోంది. పెద్ద టవర్ లైన్లు మా గుంటల మీదుగానే పోతాయి. వాటి కింద, నీళ్లలో గాలి కలిపే మా ఏరేటర్లు లోఓల్టేజీతో మూలుగుతుంటాయి.

పొద్దుగూకితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు సరికదా, ఉన్నదీ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. మేం పెంచే వనామీ రకం రొయ్యకి అది లీటరు నీళ్లకి 4 మిల్లీగ్రాములైనా (4 పీపీఎం) ఉండాలి. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలతాయి, టార్చి వేస్తే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. నిరుడు వేసవిలో జనరేటర్ అందుకునేలోపే చాలా సరుకు పోయింది. 60 కౌంట్‌కి (కిలోకి 60 రొయ్యలు) రావాల్సిన పంటని ఇంకా చిన్నగా ఉండగానే 100 కౌంట్‌లో పట్టేసి, కొనేవాళ్లు అడిగిన రేటుకే ఇచ్చాం. సబ్‌స్టేషన్‌కి చేసి చేసి చివరికి ఫోన్ ఎత్తిస్తే, పైనుంచి ఎల్‌సీ (లైను పనికోసం కరెంటు ఆపడం) తీసుకున్నారని చెప్పి పెట్టేశారు. ముందే ఒక్క మెసేజ్ పెడితే డీజిల్ పోసి పెట్టుకునేవాళ్లం కదా! సీడ్ (రొయ్య పిల్లలు), మేత అప్పుకి తోడు ఇప్పుడు డీజిల్ అప్పు.

ఎల్‌సీ లేని రోజు ఇంకో తంటా. ఉప్పుగాలికి ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. మంచు కురిసిన రాత్రి ఆ తడికి ఫీడర్ ట్రిప్ అయి కరెంటు పోతుంది. కడిగేవాళ్లు లేరు.

సార్, తీరప్రాంత వృద్ధి అంటూ సమీక్షల్లో మాట్లాడుతుంటారు. ఆ వృద్ధి మా మీటర్లలోనే తెలుస్తుంది. హ్యాచరీ, ఐసు ఫ్యాక్టరీ, ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్య తలలు తీసే ఆడవాళ్ల కూలి, అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. మా దగ్గర యూనిట్లు తగ్గితే పొదుపని రాసుకోకండి. గుంటలు ఎండగట్టి, పిల్లలు చెన్నైకి పనికి పోయారని అర్థం.

రొయ్యల గుంటలకి ఇచ్చే ఆక్వా ఫీడర్లు వేరు చేయండి. రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా కోత పెట్టకండి. పగలు ఎంతసేపు తీసినా ఓర్చుకుంటాం, రాత్రి మాత్రం వదిలేయండి. తప్పనిసరైతే ముందు చెప్పండి. వచ్చే సీడ్ వేసేలోపే ఏదో ఒకటి చేయండి సార్, దండం పెడతాం.

ఇట్లు,
రొయ్యల రైతు, ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా