‘ఇమ్యూనిటీ పెంచే’ పొడుల మీద ఒక హెచ్చరిక వేయించండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో మందుల షాపుకు వెళ్లినా, కిరాణా కొట్టుకు వెళ్లినా ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని రాసిన డబ్బాలు కౌంటర్ మీదే కనిపిస్తున్నాయి. కరోనా తగ్గినా ఈ అమ్మకం తగ్గలేదు. పేపర్లలో ప్రకటనలూ వస్తున్నాయి. చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, ఆ ‘పెంచడం’ అనే మాట చూస్తే ఊరుకోలేక రాస్తున్నాను.

మా చెల్లెలికి రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే రోగనిరోధక శక్తే సొంత కీళ్ల మీద దాడి చేస్తుంది. పొద్దున్నే పిడికిలి బిగియదు, జడ వేసుకోలేదు. డాక్టర్ ఇచ్చింది నిరోధక శక్తిని కాస్త అణిచే మాత్ర. మొన్న ఒక షాపులో ‘నీరసంగా ఉన్నారు, ఇది వాడండమ్మా’ అని ఇమ్యూనిటీ పొడి అంటగట్టారు. ‘అక్కా, ఒక పక్క తగ్గించుకుంటూ ఇంకో పక్క పెంచుకోవాలా?’ అని అడిగింది తను.

కోల్డ్ స్టోరేజీ సంగతి మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపల సిద్ధంగానే ఉంటాయి, సరుకు యజమాని చెప్పందే బయటికి రావు. మన ఒంట్లో రోగాలతో పోరాడే తెల్లకణాలైన టీ కణాలూ అంతే. ఒకసారి వైరస్‌తో పోరాడి, దాన్ని గుర్తుపెట్టుకున్న టీ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే పోరాట ప్రొటీన్‌కు కావలసిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను, అంటే దాని తయారీ సూచనల నకలును, ముందే రాసి దాచుకుంటుంది. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ దాన్ని చదివితేనే ప్రొటీన్ తయారవుతుంది. కానీ ఆ ఆర్‌ఎన్‌ఏ చివరన జెడ్‌ఎఫ్‌పీ36ఎల్2 అనే ఇంకో ప్రొటీన్ కూర్చుని, దాన్ని రైబోజోమ్ దాకా పోనివ్వదు. శత్రువు మళ్లీ వచ్చినప్పుడు ఆ అడ్డు తొలగుతుంది. కొత్తగా రాసుకునే పని లేదు కాబట్టి కణం వెంటనే స్పందిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ చివరన ఆ అడ్డు నిలిచే భాగాన్ని ఎలుకల్లో తీసేస్తే ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే ఇంటర్‌ఫెరాన్ ఆగకుండా తయారైందని 2018లో శాస్త్రవేత్తలు చూపించారు.

వాపు తెప్పించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ కథ మా చెల్లెలికి ఇంకా దగ్గర. దాని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను అదుపులో పెట్టేది ట్రిస్టెట్రాప్రోలిన్ అనే మరో ప్రొటీన్. అది లేని ఎలుకలు పుట్టినప్పుడు మామూలుగానే ఉండి, తర్వాత చిక్కిపోయి, కీళ్లు వాచిపోయాయని 1996లోనే తేలింది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఇస్తే ఆ బాధలు చాలావరకు రాలేదు. రుమటాయిడ్ రోగుల్లో కొందరికి ఈ రోజు ఇస్తున్నవీ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లే.

అంటే ఒంట్లో ఆయుధం ఎంత ముఖ్యమో, దాన్ని ఆపే తాళం కూడా అంతే ముఖ్యం. ఆ తాళం చెడిన మనిషికి ‘పెంచుతాం’ అని ఎలా అమ్ముతారు? టీకా సంగతి వేరు. అది ఫలానా క్రిమిని గుర్తుపట్టడం నేర్పుతుంది, దాన్ని ఈ పొడులతో కలపకండి. మా చెల్లెలు తెచ్చిన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ కణాన్ని పెంచుతుందో, ఎంత పెంచుతుందో, ఎవరు వాడకూడదో ఒక్క ముక్క లేదు.

ఔషధ నియంత్రణ అధికారులు ఈ షాపులను తనిఖీ చేయాలి. ‘కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు డాక్టర్‌ను అడగకుండా వాడవద్దు’ అని ప్రతి డబ్బా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయించాలి. అది జరిగేలోగా, మీ పత్రికలో వచ్చే ఇలాంటి ప్రకటనల కింద ఆ ఒక్క వాక్యం మీరే అచ్చు వేయండి.

— ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు